‘పేపర్స్ క్లియర్ సార్’ అన్న ఒక్క మెసేజ్ మీద అడ్వాన్సు ఇవ్వొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరు సర్జాపుర రోడ్డులో రీసేల్ ఫ్లాటు, ధర 90 లక్షలు. బ్రోకర్ చెప్పిన లాయరుకి జిరాక్సులు ఇచ్చారు. మూడో రోజు ఆయన "పేపర్స్ క్లియర్ సార్, ప్రొసీడ్ అవ్వండి" అని వాట్సాప్ పెట్టారు. ఓనరు శుక్రవారంలోగా 5 లక్షలు అడ్వాన్సు కావాలంటున్నారు, లేదంటే వేరే పార్టీ రెడీగా ఉందంటున్నారు. ఇచ్చేయొచ్చా, లాయరుని ఇంకేమైనా అడగాలా?

ఇప్పుడే ఇవ్వకండి. ఫ్లాటులో లోపం ఉందని కాదు, ఉందో లేదో ఆ మెసేజ్ చెప్పడం లేదు కాబట్టి. ఆయన ఏ పత్రాలు చూశారు, ఎన్నేళ్లు వెనక్కి వెళ్లారు, ఏవి దొరకలేదు, వేటికి షరతు పెట్టారు అన్నవేవీ అందులో లేవు. ఇళ్ల కొనుగోళ్లలో తర్వాత బయటపడే చిక్కులు చాలావరకు లాయరుకి చట్టం తెలియక వచ్చినవి కావు. కొనేవాళ్లు చెప్పాల్సింది చెప్పరు, లాయరు అడగాల్సింది అడగరు, మధ్యలో బ్రోకర్ అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తుంటాడు. చిక్కులు అక్కడ పుడతాయి.

ముందు తేల్చుకోవాల్సింది ఆ లాయరు ఎవరి లాయరు అన్నది. బ్రోకర్ చెడ్డవాడని కాదు, ఆయన కమిషన్ మాత్రం డీల్ పూర్తయితేనే వస్తుంది. ఏడాదికి ఇరవై కేసులు పంపే బ్రోకర్ని వదులుకుని, ఒక్కసారి వచ్చే మీ కోసం "ఇది కొనొద్దు" అనడం ఏ లాయరుకైనా కష్టమే. అమ్మేవాళ్లకీ మీకూ ఒకే లాయరు పనిచేస్తుంటే అసలు ఒప్పుకోవద్దు. "బ్యాంకు లాయరు ఎలాగూ చూస్తాడు కదా" అనేవాళ్లు చాలామంది. బ్యాంకు ప్యానెల్ లాయరు చూసేది బ్యాంకు అప్పుకి ఆ ఆస్తి సరిపోతుందా అని. ఆ రిపోర్టు చాలాసార్లు మీ చేతికి కూడా రాదు. పైగా బ్యాంకు అగ్రిమెంటు అడుగుతుంది, అగ్రిమెంటు కావాలంటే అడ్వాన్సు ఇవ్వాలి. అంటే బ్యాంకు లాయరు నోరు విప్పేసరికి మీ డబ్బు ఓనరు ఖాతాలో ఉంటుంది. అందుకని ఫీజు మీరే కట్టి, మీరే నేరుగా మాట్లాడే లాయరు ఒకరు ఉండాలి. పాతాయననే కొనసాగించాలనుకున్నా, బ్రోకర్ని ఆ సంభాషణలోంచి తప్పించండి. ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో లాయరు మీకు నిజం చెప్పలేరు.

ఇక ఆ లాయరుకి మొదటి ఈమెయిల్. ఫోన్లో గంట మాట్లాడినా సరే, దాని సారం మెయిల్లో ఉండాలి. ఇంగ్లీషులో రాసినా విషయం ఇలా ఉంటే చాలు:

"ఫ్లాటు వివరాలు ఇవి. కొనేది నేను, నా భార్య, ఇద్దరి పేరు మీదా. ధర 90 లక్షలు, అందులో 65 లక్షలు హోమ్ లోన్. అమ్మేది భార్యాభర్తలిద్దరు, వాళ్లలో ఒకరు విదేశంలో ఉన్నారు, పవరాఫ్ అటార్నీ మీద సంతకం అంటున్నారు. ఫ్లాటు మీద వాళ్లకి లోన్ ఉంది, 28 లక్షలు బాకీ అని చెప్పారు. ఇప్పుడు పంపుతున్న పత్రాలు 14, జాబితా కింద ఉంది, అన్నీ జిరాక్సులే. ఇంకా ఏవి కావాలో రాయండి. మీ నుంచి కావాల్సినవి నాలుగు: రాతపూర్వక టైటిల్ (యాజమాన్య హక్కు) ఒపీనియన్, అగ్రిమెంటు డ్రాఫ్టు, సేల్ డీడ్ డ్రాఫ్టు, రిజిస్ట్రేషన్ రోజు మీరు రావడం. దేనికెంత ఫీజో, ఒపీనియన్ ఎప్పటికి ఇస్తారో చెప్పండి. మీ ఒపీనియన్ చదివాకే అడ్వాన్సు ఇస్తాను."

ఇందులో మీ వివరాలు వేరుగా ఉంటే మార్చుకోండి, వాక్యం మాత్రం ఏదీ తీసేయొద్దు. ప్రతి వాక్యం వెనకా డబ్బుంది.

"ఇద్దరి పేరు మీదా" అన్నదే చూడండి. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచే ముందుగా కోసే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. 90 లక్షలకి 90,000. అడ్వాన్సుతో మొదలుపెట్టి ప్రతి చెల్లింపులోనూ అప్పటికప్పుడే కోయాలి, కోసిన నెల ముగిశాక 30 రోజుల్లోగా కట్టాలి. కొనేవాళ్లు ఇద్దరు, అమ్మేవాళ్లు ఇద్దరు అయితే ఒక్కో జతకి ఒక్కో ఫారం, మొత్తం నాలుగు. ఇది ముందే చెప్పకపోతే లాయరు సేల్ డీడ్‌లో చెల్లింపుల పేరా ఒకలా రాస్తారు, మీ టీడీఎస్ చలాన్లు ఇంకోలా ఉంటాయి. మనవాళ్లకి ఇంకో తలనొప్పి కూడా ఉంది: ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, పాస్‌పోర్టులో విడిగా. సేల్ డీడ్‌లో ఏ రూపం రావాలో, మిగతావి "అని కూడా పిలవబడే" అని చేర్చాలో మొదటి రోజే అడగండి.

"ఒకరు విదేశంలో ఉన్నారు" అన్న ముక్క ఇంకా ఖరీదైంది. అమ్మే మనిషి ఆదాయపు పన్ను లెక్కలో ప్రవాస భారతీయుడైతే 1 శాతం లెక్క చెల్లదు. ఆయన వాటాకి కోత చాలా ఎక్కువ ఉంటుంది, తగ్గించుకోవాలంటే ఆయన ముందుగా పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికి సమయం పడుతుంది. తెలియక 1 శాతమే కోస్తే పన్ను శాఖ తర్వాత వెతుక్కుంటూ వచ్చేది మీ దగ్గరికే. కాబట్టి "వాళ్లబ్బాయి అమెరికాలో ఉంటాడట" అన్న మాట మీ చెవిన పడ్డ రోజే లాయరు చెవిన కూడా పడాలి. పవరాఫ్ అటార్నీ సంగతీ అంతే. విదేశంలో రాసిన పవర్‌ని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వం వేసే అంతర్జాతీయ ధ్రువీకరణ ముద్ర) చేయించాలి. ఇండియాకి వచ్చిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. అందులో అమ్మే అధికారం ఉందా, ఈ ఫ్లాటు గురించేనా, డబ్బు తీసుకునే అధికారం ఎవరికుంది అన్నవి లాయరు చదివి చెప్పాలి. రాసిచ్చిన మనిషి చనిపోతే పవర్ కూడా చస్తుంది. అందుకే రిజిస్ట్రేషన్ ముందు ఆయనతో వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడించమని లాయరే అడగడం మంచి అలవాటు. పవర్ ఉంది కాబట్టి అదే అమ్మకం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) మీద ఆస్తి చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది.

"అన్నీ జిరాక్సులే" అని రాయడం మీ నిజాయితీ కోసం కాదు. ఒపీనియన్‌లో చివరి పేరా దానిమీదే ఆధారపడుతుంది. ఒపీనియన్ చేతికి రాగానే చాలామంది "టైటిల్ క్లియర్ అండ్ మార్కెటబుల్" అన్న లైను వెతుక్కుని ఫైలు మూసేస్తారు. మీరు వెనక నుంచి చదవండి. చివర్లో దాదాపు ఇలా ఉంటుంది: "నాకు ఇచ్చిన నకళ్ల ఆధారంగా, ఒరిజినల్స్ చూపించే షరతు మీద, ఈ కింది పత్రాలు సమర్పించే షరతు మీద, అమ్మకందారులకు చెల్లుబాటయ్యే హక్కు ఉందని నా అభిప్రాయం." కింద ఐదారు పత్రాల పేర్లుంటాయి. ఆ జాబితాయే అసలు ఒపీనియన్. అందులో "తాజా ఈసీ" (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) అని ఉంటే పర్వాలేదు, రెండ్రోజుల పని. "కన్వర్షన్ ఆర్డర్ ఒరిజినల్" (వ్యవసాయ భూమిని నివాసానికి మార్చిన ఆదేశం) అనో "అమ్మకందారు తండ్రి వారసుల హక్కు విడుదల పత్రం" అనో ఉంటే, టైటిల్ క్లియర్ కాలేదని మర్యాదగా చెబుతున్నారన్నమాట. లాయరుని అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ జాబితాలో ఏవి అడ్వాన్సుకి ముందు రావాలి, ఏవి రిజిస్ట్రేషన్‌కి ముందు వస్తే చాలు, ఏవి రాకపోతే కొనొద్దంటారు?" జాబితా పక్కన మూడు గుర్తులు పెట్టించి మెయిల్లో వెనక్కి తెప్పించుకోండి.

ఈసీ విషయంలో అడగాల్సింది ప్రత్యేకంగా ఉంది. కర్ణాటకలో రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్ నుంచి వచ్చే ఈసీ 2004 ఏప్రిల్ 1 తర్వాతి లావాదేవీలే చూపిస్తుంది. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి పాత పుస్తకాల్లో వెతికించాలి. లావాదేవీలుంటే ఫారం 15, ఏమీ లేకపోతే ఫారం 16. ఫ్లాటు కొనేవాళ్లకి ఎక్కువగా చూపించేది ఫ్లాటు నంబరు మీద తీసిన ఈసీ. బిల్డింగ్ 2014లో కట్టి ఉంటే, ఆ ఈసీలో బిల్డర్ మొదటిసారి అమ్మిన దగ్గర్నుంచే కథ ఉంటుంది. అంతకు ముందు ఆ నేల ఎవరిది, రైతు కుటుంబం నుంచి బిల్డర్‌కి ఎలా వచ్చింది అన్నది సర్వే నంబరు మీద తీసిన ఈసీలో ఉంటుంది. "ఫ్లాటు మీద తీశారా, భూమి మీద కూడా తీశారా, ఏ సంవత్సరం నుంచి?" అని అడిగితే లాయరు ఎంత లోతుకి వెళ్లారో ఒక్క జవాబుతో తెలిసిపోతుంది. రాయని అప్పులు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు, వీలునామాలు ఈసీలో కనబడవు. బ్యాంకులో కాగితాలు పెట్టి తీసుకున్న అప్పు కోసం సెర్సాయ్‌లో (తాకట్టు అప్పుల కేంద్ర రిజిస్టరు) వెతకమనండి, ఆ సెర్చ్ ఫీజు నామమాత్రమే. కేసుల కోసం కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో అమ్మేవాళ్ల పేర్లూ బిల్డర్ పేరూ కొట్టి చూడమనండి.

సర్జాపుర రోడ్డు కాబట్టి ఇంకో రెండు. ఆ రోడ్డులో కొంత భాగం కార్పొరేషన్ హద్దులో, దాటాక పంచాయతీల్లో ఉంటుంది. నగరంలో అయితే ఈ-ఖాతా (కార్పొరేషన్ పన్ను పుస్తకంలోని నమోదు, ఆన్‌లైన్ రూపంలో) లేకుండా 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ జరగడం లేదు. పంచాయతీలో అయితే ఈ-స్వత్తు (పంచాయతీ ఆస్తుల ఆన్‌లైన్ రికార్డు) ఫారం 9, ఫారం 11 చూస్తారు. 2025 సెప్టెంబరులో పాత నగర కార్పొరేషన్ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు నగర పాలికలు వచ్చాయి, కాబట్టి పాత కాగితాల మీద ఒక పేరు, కొత్త వాటి మీద ఇంకో పేరు ఉంటే కంగారు పడొద్దు. ఖాతా అంటే పన్ను పుస్తకంలో పేరు, అంతే. ‘ఏ’ ఖాతా (నిబంధనల ప్రకారం ఉన్న ఆస్తులకిచ్చేది) ఉన్నంత మాత్రాన టైటిల్ రాదు. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, బిల్డింగులో నివాసానికి ఇచ్చే అనుమతి) సంగతి మాత్రం తప్పకుండా రాతలో తీసుకోండి. "ఓసీకి అప్లై చేశారు" అన్నది ఓసీ కాదు. కరెంటు, నీటి కనెక్షన్లయినా బ్యాంకు లోన్లయినా ఓసీ లేదా కంప్లీషన్ సర్టిఫికెట్ చూశాకే ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది. రేపు మీరు అమ్మబోయినప్పుడు కొనేవాళ్ల బ్యాంకు అడిగేది అదే.

రెండోది కన్వర్షన్. లాయరుతో ఈ లెక్క ఒక్కటి కలిసి కూర్చుని చేయండి. ప్లాన్ శాంక్షన్ అయిన స్థలం 2 ఎకరాల 10 గుంటలు అనుకుందాం. వ్యవసాయ భూమిని నివాసానికి మార్చిన డీసీ (డిప్యూటీ కమిషనర్, మన కలెక్టర్ లాంటి అధికారి) ఆర్డర్లన్నీ కలిపితే 1 ఎకరం 38 గుంటలే వచ్చాయి. ఎకరానికి 40 గుంటలు కాబట్టి తేడా 12 గుంటలు. గుంట అంటే 1,089 చదరపు అడుగులు, అంటే 13,068 చదరపు అడుగుల నేలకి కన్వర్షన్ లేదు. మీ టవరు దానిమీదే ఉందేమో. సెంట్లకీ గజాలకీ అలవాటు పడ్డ మనకి గుంటలు చూస్తే కళ్లు జారిపోతాయి, అందుకే ఈ లెక్క కాగితం మీద వేసి లాయరుకి చూపించండి. ఖరాబు (సాగుకి పనికిరానిదిగా రికార్డుల్లో విడిగా చూపిన నేల) అని రాసి ఉన్న విస్తీర్ణం గురించి విడిగా అడగండి. ‘బి’ ఖరాబు అంటే దారి, కాలువ, చెరువు లాంటి ప్రభుత్వ భూమి. దాన్ని కలిపి అమ్మినా హక్కు రాదు.

భాష గురించి. బెంగళూరులో తెలుగు అర్థమయ్యే లాయర్లకి కొదవ లేదు, తెలుగు వచ్చని మాత్రం లాయరుని ఎంచుకోవద్దు. భూమి పత్రాలు దాదాపు అన్నీ కన్నడంలోనే ఉంటాయి. మనకున్న సౌకర్యం ఏమిటంటే ఆ లిపి సగం మనదే, ఒక సాయంత్రం కూర్చుంటే పేర్లు, నంబర్లు, హద్దులు చదవగలరు. ‘బిన్’ అంటే ఫలానా వారి కొడుకు, ‘కోం’ అంటే ఫలానా వారి భార్య. ‘క్రయ పత్ర’ అంటే సేల్ డీడ్, ‘విభాగ పత్ర’ అంటే భాగ పంపకాలు, ‘హక్కు బిడుగడె పత్ర’ అంటే హక్కు విడుదల, ‘చక్కుబంది’ అంటే హద్దులు. ‘మరణ శాసన’ అని కనిపిస్తే గుండె ఆగనక్కర్లేదు, వాళ్లకది వీలునామా. మీరు పత్రాన్ని అర్థం చేసుకోవాలని కాదు ఇదంతా. ఒక పత్రంలో కొన్న మనిషి పేరు, తర్వాతి పత్రంలో అమ్మిన మనిషి పేరు ఒకటేనా, సర్వే నంబరు ఒకటేనా అని చూసుకుంటూ వెళ్తే, గొలుసులో ఎక్కడ కొక్కెం ఊడిందో మీ కంటికే దొరుకుతుంది. దొరికితే "ఈ పత్రంలో సర్వే నంబరు 41/2, తర్వాతి దానిలో 41/3 అని ఉంది, ఎందుకు?" అని రాయండి. మామూలుగా దానికి సర్వే విభజన ఆర్డరు జవాబుగా ఉంటుంది. లాయరు ఆ ఆర్డరు చూపించాలి, "అది మామూలే సార్" అంటే సరిపోదు.

కుటుంబ భూమి అయితే ఒక ప్రశ్న మర్చిపోవద్దు: "వంశవృక్షంలో ఉన్న ఆడపిల్లలందరూ సంతకం చేశారా?" ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి వాటా ఆంధ్రప్రదేశ్ 1985లో ఇచ్చింది, కర్ణాటక 1994లో ఇచ్చింది, 2005 సవరణతో దేశమంతా వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిన అమ్మకాలకీ రిజిస్టరైన పంపకాలకీ 2005 సవరణ వల్ల ఇబ్బంది లేదు. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న పత్రాల దగ్గర లాయరు ఏం రాశారో చూడండి. మైనరు తరఫున తల్లో తండ్రో సంతకం పెట్టి అమ్మి ఉంటే కోర్టు అనుమతి ఉందా, ఆ పిల్లాడికి 18 నిండి 3 ఏళ్లు దాటాయా అన్నది కూడా. ఇలాంటి చోట లాయరు ఒక కన్నడ పత్రికలో, ఒక ఇంగ్లీషు పత్రికలో పబ్లిక్ నోటీసు వేద్దామంటే ఖర్చని వద్దనకండి.

ఇవన్నీ ఎందుకు రాతలోనే ఉండాలంటే, 2024 మే 14న సుప్రీంకోర్టు లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని చెప్పింది. అంటే ఒపీనియన్ తప్పయిందని కన్స్యూమర్ ఫోరానికి వెళ్లడానికి లేదు. మిగిలింది బార్ కౌన్సిల్లో ఫిర్యాదు, లేదా సివిల్ దావా. రెండింటికీ మీరేం అడిగారో, ఆయనేం చెప్పారో కాగితం కావాలి. ఒపీనియన్ లెటర్‌హెడ్ మీద, సంతకంతో, ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో, చూసిన పత్రాల జాబితాతో ఉండాలి. ఫోన్లో ఏదైనా చెబితే ఆ సాయంత్రమే "మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, తప్పయితే సరిచేయండి" అని రెండు లైన్లు రాయండి. మంచి లాయర్లు దీనికి చిరాకు పడరు, పైగా జాగ్రత్తగా మాట్లాడతారు.

దానికి ఇంకో పక్క కూడా ఉంది. మీరు లాయరుకి చెప్పింది మీ అనుమతి లేకుండా ఆయన బయటపెట్టకూడదు, భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. ఏదైనా తప్పు పని చేయడానికే సలహా అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు. కాబట్టి దాచుకోకుండా చెప్పండి: డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఊళ్లో పొలం అమ్మగా వచ్చిందా, మామగారు సర్దుతున్నారా, ఓనరు కొంత నగదు అడుగుతున్నాడా. నగదు మాట వస్తే లాయరు వద్దనే చెబుతారు: స్థిరాస్తికి 20,000, అంతకు మించి నగదుగా అడ్వాన్సు తీసుకుంటే తీసుకున్నవాళ్లకి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఈ వాక్యం ఓనరుకి చెప్పడానికి కూడా పనికొస్తుంది.

అగ్రిమెంటు దగ్గర అసలు బేరం లాయరుతో మాట్లాడుకోవాలి. ముందుగా చెప్పాల్సింది మీ లోన్ ఎప్పటికి వస్తుందో. బ్యాంకు నెలన్నర అంటుంటే అగ్రిమెంటులో 30 రోజుల గడువు పెట్టించుకుని తర్వాత పెనాల్టీ కట్టేవాళ్లు ఉన్నారు, లాయరుకి ఎవరూ చెప్పకపోవడం వల్ల. అడ్వాన్సు తిరిగి ఇచ్చే షరతులు విడివిడిగా రాయించండి: టైటిల్లో లోపం తేలితే మొత్తం వెనక్కి, ఎన్ని రోజుల్లో, ఆలస్యమైతే వడ్డీ ఎంత. బ్యాంకు ఆస్తి కారణంగా లోన్ నిరాకరిస్తే మొత్తం వెనక్కి. మీ ఆదాయం చాలక నిరాకరిస్తే వేరే లెక్క, దానికి ఓనరు ఒప్పుకోకపోవచ్చు. బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాటు అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 10 శాతానికి మించి తీసుకోవాలంటే అగ్రిమెంటు రిజిస్టర్ చేయాల్సిందే. రీసేల్‌లో ఆ కాపలా లేదు, మీ లాయరు రాసిన వాక్యమే కాపలా.

ఓనరు లోన్ 28 లక్షలు తీరే వరస లాయరు, మీ బ్యాంకు, ఓనరు ముగ్గురూ ఒకేలా చెప్పాలి. మామూలుగా ఇలా ఉంటుంది: ఓనరు తన బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటరు (లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే పత్రం), వాళ్ల దగ్గరున్న పత్రాల జాబితా తెస్తాడు. మీ బ్యాంకు ఆ బాకీ మొత్తానికి నేరుగా ఆ బ్యాంకు పేరు మీద డీడీ తీస్తుంది. మిగతాది ఓనరుకి. ఓనరు చేతికి డబ్బిచ్చి "లోన్ మీరే కట్టేయండి" అనడం మాత్రం వద్దు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్స్ ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఆ జాబితాలో లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజులు) అన్నీ ఉన్నాయా అని లాయరు చూడాలి. జాబితాలో లేని ఒరిజినల్ ఎక్కడుందన్నది అడ్వాన్సుకి ముందే తేలాలి.

సేల్ డీడ్ డ్రాఫ్టు కనీసం మూడు రోజుల ముందు అడగండి. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం ఇస్తే ఎవరూ చదవలేరు. ఇంట్లో ఇద్దరు కూర్చోండి, ఒకరు పాత డీడ్ పైకి చదవాలి, ఇంకొకరు కొత్తదానిలో వేలు పెట్టుకుని వెళ్లాలి. షెడ్యూళ్ల దగ్గరే తప్పులెక్కువ: మొత్తం స్థలం విస్తీర్ణం, ఆ నేలలో మీకు వచ్చే అవిభాజ్య (విడదీయని) వాటా చదరపు అడుగుల్లో, ఫ్లాటు నంబరు, అంతస్తు, కార్ పార్కింగ్ నంబరు, ఈ-ఖాతా నంబరు, నాలుగు హద్దులు. పార్కింగ్ ఊసే లేని డీడ్‌లు చాలా వస్తుంటాయి. రిజిస్టరయ్యాక తప్పు దొరికితే సవరణ దస్తావేజుకి ఓనర్లు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి, అప్పటికి వాళ్లు ఏ దేశంలో ఉంటారో.

ఖర్చు లెక్క కూడా లాయరు దగ్గర ముందే రాయించండి. 90 లక్షలకి స్టాంపు డ్యూటీ 5 శాతం, 4,50,000. దానిమీద 10 శాతం సెస్సు 45,000, నగరంలో 2 శాతం సర్‌చార్జి 9,000. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం, 1,80,000. మొత్తం 6,84,000. ప్రభుత్వం నిర్ణయించిన మార్గదర్శక విలువ మీ ధర కంటే ఎక్కువుంటే దానిమీద కట్టాలి. లాయరు ఇచ్చిన అంకె దీనికంటే ఎక్కువుంటే ఆ తేడా ఏమిటో వివరంగా అడగండి. "ఆఫీసు ఖర్చులు" అన్న పద్దుకి రసీదు ఉండదు.

రిజిస్ట్రేషన్ రోజు పెద్దగా చెప్పేదేం లేదు. డేటా ముందే కావేరిలో ఎక్కి, ఆఫీసు ఆమోదించి, ఫీజు కట్టి, స్లాటు తీసుకుని ఉంటే ఫొటో, వేలిముద్రల పనే మిగులుతుంది. పోర్టల్లో ఎక్కించిన పేర్లు డీడ్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ముందు రోజు స్క్రీన్‌షాట్ అడగండి. డబ్బు ఏ క్షణంలో చేతులు మారాలో లాయరుతో ముందే అనుకోండి.

లాయరుని మార్చాల్సిన గుర్తులు ఏమిటంటే: అడిగిన పత్రం చూపించకుండా "నేనున్నాగా" అనడం, ఒపీనియన్ రాసివ్వడానికి వెనకాడటం, మీ ప్రశ్నలకి జవాబు బ్రోకర్ ద్వారా రావడం. ఫోన్ ఎత్తకపోవడం వాటిలో లేదు. కోర్టులో ఉన్న లాయరు మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు, సాయంత్రం మెయిల్‌కి జవాబిస్తే అదే చాలు.

ఇక శుక్రవారం. ఓనరుకి ఈ రోజే ఇలా పంపండి: "ఫ్లాటు మాకు నచ్చింది, ధర ఒప్పుకున్నాం. ఫోర్‌క్లోజర్ లెటరు, బ్యాంకులో ఉన్న పత్రాల జాబితా, భూమి మీద ఈసీ, ఓసీ కాపీ పంపితే మా లాయరు రాతపూర్వకంగా చెప్పిన మర్నాడే అడ్వాన్సు బ్యాంకు ద్వారా, టీడీఎస్ కోసి పంపుతాం. ఇందుకు పది రోజులు ఇవ్వండి." లాయరుకి పైన రాసిన మెయిల్ వేసి, దాని కింద ఇంకో లైను చేర్చండి: "మొన్న క్లియర్ అన్నారు, ఆ రోజు మీరు చూసిన పత్రాల జాబితా ఒక్కసారి పంపగలరా?"